ఆట ముగిసిన గంట నుంచి లెక్క



మా జంగారెడ్డిగూడెంలో రైలు కూత వినపడదండి. కొవ్వూరు నుంచి భద్రాచలం వైపు రైలు మార్గం వేస్తారన్న మాట తాతల నాటి నుంచి వింటూనే ఉన్నాం. ఇంకా వింటూనే ఉన్నాం. రైలెక్కాలంటే మేం ముందు బస్సెక్కాలి. ఏలూరో, తాడేపల్లిగూడెమో, రాజమండ్రో చేరుకోవాలి. విమానం ఎక్కాలంటే రాజమండ్రి దగ్గర మధురపూడికో, బెజవాడ దగ్గర గన్నవరానికో పోవాలి. ఎక్కడికి బయల్దేరినా మాకు ఒక ప్రయాణంలో రెండు ప్రయాణాలుంటాయి.

అయినా సరే, క్రికెట్ ప్రపంచ కప్పు మన దేశానికి వచ్చిందంటే బస్టాండు పక్కన టీ కొట్టు దగ్గర ఒక మాట పుడుతుంది. "ఏం బావా, ఈసారి వెళ్దామా?" పొగాకు వేలంలో ధర బాగా పలికిన ఏడాది ఆ మాటకి ఊపొస్తుంది. సాయంత్రానికి నలుగురు తయారవుతారు. ఎవరెవరు వస్తారు, ఏ రోజు బయల్దేరాలి, దారిలో ఏం తినాలి, అన్నీ తేలిపోతాయి. ఒక్కటి మాత్రం ఎవరూ అడగరు. ఆట అయ్యాక ఇంటికెలా వస్తాం?

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క మాటే. పెద్ద పోటీ చూడటానికి వెళ్లేటప్పుడు లెక్క ఇంటి గుమ్మం నుంచి మొదలుపెట్టకండి. ఆట ముగిసిన గంట నుంచి మొదలుపెట్టండి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. మీరు ఏ రైలెక్కాలో, ఏ టికెట్ ముందు కొనాలో ఆ లెక్కే చెబుతుంది.

దగ్గర ఊరితో మొదలుపెడదాం. 2025 మహిళల ప్రపంచ కప్పులో మన విశాఖపట్నానికి ఐదు మ్యాచ్‌లు వచ్చాయి. అందులో రెండు భారత జట్టువి. అక్టోబర్ 9న దక్షిణాఫ్రికాతో, అక్టోబర్ 12 ఆదివారం నాడు ఆస్ట్రేలియాతో. క్రికెటర్లు మిథాలీ రాజ్, మన రావి కల్పన పేర్లతో స్టేడియంలో స్టాండ్లు ప్రారంభించింది ఆ ఆదివారమే. టోర్నమెంటు టికెట్లు మొదట్లో వంద రూపాయల నుంచే అమ్మారు. ఇంటిల్లిపాదీ వెళ్లి చూడదగ్గ ఆట.

సరే, మా ఊరి నుంచి ఒక బావ, బావమరిది, ఒక బాబాయి, ఇంటర్ చదువుతున్న ఆయన కూతురు బయల్దేరారనుకోండి. వెళ్లడం తేలికే. ముందు రోజు పొద్దున్నే తాడేపల్లిగూడెంలో రైలెక్కితే మధ్యాహ్నానికి విశాఖలో ఉంటారు. మర్నాడు ఆట మూడింటికి మొదలు. ఆ రోజు మన వాళ్లు 330 పరుగులు చేశారు. ఆస్ట్రేలియా వదిలిపెట్టలేదు. ఇంక ఒక్క ఓవరు మిగిలుందనగా కొట్టేసింది. అలాంటి ఆటని మధ్యలో వదిలేసి ఎవరు లేచొస్తారు? చివరి బంతి దాకా కూర్చుంటారు. అప్పటికి రాత్రి బాగా పొద్దుపోతుంది. స్టేడియం ఉన్నది మధురవాడ వైపు. రైల్వే స్టేషను ఊళ్లో. వేలమంది ఒక్కసారిగా బయటికొస్తారు. ఆటో దొరకాలి, దొరికాక అది కదలాలి. పదిన్నరకి ఆట అయితే పదకొండుకి రైలెక్కుతానని అనుకోవడం వట్టి మాట.

అందుకని ఆట ముగిసిన గంట నుంచి లెక్కెయ్యాలి. ఆట పదిన్నరకి అవుతుంది. గేటు దాటడానికి అరగంట. స్టేషను చేరడానికి గంట. స్టేషన్లో ఓ అరగంట చేతిలో ఉండాలి. అంటే అర్ధరాత్రి దాటాక బయల్దేరే బండి చూసుకోవాలి. లేదా ఆ రాత్రికి విశాఖలోనే గది తీసుకుని పొద్దున్నే రావాలి. ఇంకో సంగతి. కొన్ని బండ్లు విశాఖపట్నం స్టేషనుకి రావు. పక్కనుంచి దువ్వాడ మీదుగా పోతాయి. దువ్వాడ ఊరికి ఆ చివర, మధురవాడ ఈ చివర. టికెట్ మీద ఏ స్టేషను రాసుందో ఒకటికి రెండుసార్లు చదువుకోండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. కాస్త నిదానంగా చెబుతాను, వినండి. మ్యాచ్ 12వ తేదీ. మన బండి రాత్రి పన్నెండూ నలభైకి. టికెట్ ఏ తేదీకి తీసుకోవాలి? "పన్నెండో తేదీ రాత్రి కదా" అని 12కే తీసుకుంటాం. అది తప్పు. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. రైల్వే వారి రోజు అర్ధరాత్రితో మొదలవుతుంది. పన్నెండూ నలభై అంటే అప్పటికే 13వ తేదీ. 12కి టికెట్ కొన్నవాడు స్టేషనుకి వెళ్లేసరికి అతని బండి వెళ్లిపోయి ఇరవై నాలుగు గంటలవుతుంది. మళ్లీ చెబుతున్నాను. రాత్రి పన్నెండు దాటిన బండికి మర్నాటి తేదీ వెయ్యాలి.

ఇంతా చేసి, ఆట పదిన్నరకే ముగుస్తుందని హామీ ఉందా? లేదండి. అదే ప్రపంచ కప్పు ఫైనలు తీసుకోండి. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో డీవై పాటిల్ స్టేడియం. మధ్యాహ్నం మూడింటికి మొదలవ్వాలి. వాన పడింది. ఐదింటికి మొదలైంది. మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని ఓడించి కప్పు ఎత్తేసరికి అర్ధరాత్రి అయింది. మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉన్న జట్టు అది. పదకొండున్నర బండికి టికెట్ కొనుక్కున్నవాడి పరిస్థితి ఊహించండి. ఆట వదలాలా, బండి వదలాలా?

2023లో ఐపీఎల్ ఫైనలు కూడా గుర్తుండే ఉంటుంది. అహ్మదాబాద్‌లో ఆదివారం జరగాల్సిన ఆట వాన వల్ల సోమవారానికి పోయింది. తిరుగు టికెట్లు ఆదివారం రాత్రికి పెట్టుకున్నవాళ్లు ఏం చెయ్యాలో తెలియక తలలు పట్టుకున్నారు. చెన్నై జట్టు అభిమానులు పసుపు చొక్కాలతో రైల్వే స్టేషన్లో నేల మీదే పడుకున్న ఫోటోలు దేశమంతా చూసింది. పెద్ద టోర్నమెంట్లలో సెమీ ఫైనళ్లకీ ఫైనలుకీ రిజర్వు డే అని ఒకటి పెడతారు. అది జట్లకే కాదు, మనకి కూడా. ఫైనలుకి వెళ్తే తిరుగు ప్రయాణంలో ఒక రోజు అదనంగా ఉంచుకోండి.

ఆట ముగిసే గంట మారొచ్చని అనుకున్నాం. అసలు ఆట తేదీయే మారితే? ఊరే మారితే? రెండూ మన కళ్ల ముందే జరిగాయి.

2023 పురుషుల ప్రపంచ కప్పు షెడ్యూలు జూన్ 27న వచ్చింది. భారత్, పాకిస్తాన్ మ్యాచ్ అక్టోబర్ 15న అహ్మదాబాద్‌లో అన్నారు. ఆ రోజుల్లో రైలు టికెట్ నాలుగు నెలల ముందే తీసుకునే వీలుండేది. జనం ఎగబడి కొన్నారు. విమానం ధరలు పెరిగాయి, హోటల్ ధరలు మరీ పెరిగాయి. గది దొరక్క కొందరు ఒళ్లు పరీక్ష చేయించుకుంటామని చెప్పి ఆసుపత్రి గదులకి అడుగుతున్నారని పత్రికల్లో వార్తలు కూడా వచ్చాయి. తీరా చూస్తే అక్టోబర్ 15 నవరాత్రులు మొదలయ్యే రోజు. ఊరంతా గర్బా నృత్యాలు, బందోబస్తు కష్టం. ఆగస్టు 9న తేదీ మార్చారు. 15 కాస్తా 14 అయింది. 14 రాత్రికి అహ్మదాబాద్ చేరేలా టికెట్ కొన్నవాడు చేరేసరికి ఆట అయిపోతుంది.

2025లో ఊరు మారింది. మహిళల ప్రపంచ కప్పు మొదటి మ్యాచ్ సెప్టెంబర్ 30న బెంగళూరులో అన్నారు. ఆగస్టు 22న కొత్త షెడ్యూలు వచ్చింది. మొదటి మ్యాచ్ గువాహటికి వెళ్లిపోయింది. బెంగళూరు పేరే జాబితాలో లేకుండా పోయింది. మాకు బెంగళూరంటే ఒక రాత్రి ప్రయాణం. గువాహటి ఎక్కడ!

దీని నుంచి మనం నేర్చుకోవాల్సిందేమిటి? తొందరపడొద్దని కాదు. తొందరపడాలి. కానీ వెనక్కి ఇచ్చేస్తే డబ్బు తిరిగొచ్చేవి ముందు కొనాలి, రానివి చివర కొనాలి. మామూలు రైలు టికెట్ ముందే రద్దు చేసుకుంటే పోయేది కొద్ది డబ్బే. బండి బయల్దేరే గడువు దగ్గరపడేకొద్దీ ఎక్కువ కోస్తారు. హోటల్ గది అయితే రద్దు చేసుకోగలిగేది తీసుకోవాలి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. చవకగా దొరికే విమానం టికెట్టు రద్దు చేస్తే చేతికి వచ్చేది చాలా తక్కువ. కాబట్టి అది చివర. మ్యాచ్ టికెట్ చేతికొచ్చి, తేదీ, ఊరు ఖాయమయ్యాక. గుర్తుంచుకోండి. తిరిగిచ్చేవి ముందు, తిరిగివ్వలేనివి చివర.

ఇప్పుడు రైలు టికెట్ తీసుకునే ఘట్టంలోకి వెళ్దాం. 2024 నవంబర్ నుంచి రిజర్వేషను అరవై రోజుల ముందు తెరుచుకుంటోంది. ఉదాహరణకి, అక్టోబర్ 12 ప్రయాణానికి ఆగస్టు 13 పొద్దున్న ఎనిమిదింటికి. ఎనిమిదింటికంటే ఎనిమిదింటికే. ఎనిమిదీ ఐదుకి కాదు.

ఆ ఐదు నిమిషాలు ఎలా ఉంటాయో చూడండి. ఏడూ యాభైకి బావ ఫోను పట్టుకుని కూర్చున్నాడు. పక్కన బావమరిది ఇంకో ఫోనుతో. ఎనిమిది కొట్టగానే బండి ఎంచుకున్నాడు. బెర్తులు ఖాళీగా కనిపిస్తున్నాయి. నలుగురి పేర్లు కొడుతున్నాడు. "బాబాయి వయసెంత?" "యాభై ఎనిమిదో, తొమ్మిదో." "ఆధార్ మీద ఏముంది?" బాబాయికి ఫోను. బాబాయి పొలంలో ఉన్నాడు, ఎత్తడు. ఈలోగా సైటు గజిబిజి అక్షరాలు చూసి కొట్టమంది. ఒకటి తప్పు పడింది. మళ్లీ వచ్చింది. కొట్టాడు. డబ్బు కట్టే పేజీ తెరుచుకుంది. ఓటీపీ రావాలి. వచ్చేసరికి, ఖాళీగా కనిపించిన బెర్తులు కాస్తా వెయిటింగు లిస్టు అయ్యాయి.

ఇందులో రైల్వే తప్పు ఎంతుందో గానీ బావ తప్పు ఒకటుంది. నలుగురి పేర్లు, వయసులు ముందురోజే రైల్వే టికెట్ల సైటు ఐఆర్‌సీటీసీలో ఉండే మాస్టర్ లిస్టులో పెట్టుకోవచ్చు. అప్పుడు పేర్లు కొట్టే పని లేదు, టిక్కు పెడితే చాలు. డబ్బు ముందే ఐఆర్‌సీటీసీ వ్యాలెట్‌లో వేసుకోవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ ఉండాలి. 2025 జూలై నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్ టికెట్ కావాలంటే ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతా తప్పనిసరి. 2025 అక్టోబర్ నుంచి మామూలు రిజర్వేషను తెరుచుకున్న వెంటనే కొనాలన్నా అలాంటి ఖాతాలకే అవకాశం. ఈ పని మ్యాచ్ సంగతి తెలిసిన రోజే చేసి పెట్టుకోండి. ఆఖరి నిమిషంలో కుదరదు.

వెయిటింగు వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి? ఆన్‌లైన్ టికెట్ అయితే, చార్టు తయారయ్యేసరికి కూడా అందరూ వెయిటింగులోనే ఉంటే టికెట్ దానంతటదే రద్దయి డబ్బు వెనక్కొస్తుంది. ఆ టికెట్‌తో రిజర్వేషను పెట్టెలో ఎక్కకూడదు. ఆర్‌ఏసీ అయితే ఎక్కొచ్చు, కూర్చోవడానికి చోటిస్తారు. ఇంకో ఉపాయముంది. మధ్యలో స్టేషన్లకి కోటా తక్కువ, బండి బయల్దేరే ఊరికి ఎక్కువ. అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ చెన్నైలో బయల్దేరి బెజవాడ మీదుగా పోతుంది. బెజవాడ నుంచి దొరక్కపోతే చెన్నై నుంచి టికెట్ తీసుకుని, ఎక్కే స్టేషను బెజవాడ అని పెట్టుకోవచ్చు. ఛార్జీ కొంత ఎక్కువవుతుంది. కానీ బెర్తు దొరికే అవకాశం ఎక్కువ. ఎక్కే స్టేషను మార్చుకోవడం మాత్రం మరిచిపోవద్దు. మరిచిపోతే బెర్తు ఇంకొకరి పాలవుతుంది.

ఇక తత్కాల్. ఏసీకి పొద్దున్న పదింటికి, స్లీపరుకి పదకొండింటికి తెరుచుకుంటుంది, ఒక రోజు ముందు. ఏ రోజుకి ఒక రోజు ముందు? మనం ఎక్కే రోజుకి కాదు, బండి పుట్టిన ఊళ్లో బయల్దేరే రోజుకి. 2023 అక్టోబర్ 8న చెన్నైలో భారత్, ఆస్ట్రేలియా ఆడాయి. మా వైపు నుంచి ఆ ఆటకి పోవాలంటే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ బాగుంటుంది. ఆ బండి షాలిమార్‌లో 6న బయల్దేరితే రాజమండ్రికి 7 పొద్దున్న వస్తుంది. మనం ఎక్కేది 7న. తత్కాల్ తెరిచేది 5న. "రేపు కదా ప్రయాణం" అని 6న కూర్చున్నవాడికి మిగిలేది ఏమీ ఉండదు. ఖాయమైన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు రాదు. అది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఫైనలు సంగతి వేరు. మన జట్టు ఫైనలుకి వెళ్తుందో లేదో సెమీ ఫైనలు అయ్యేదాకా తెలియదు. 2025లో మన అమ్మాయిలు ఆస్ట్రేలియా మీద 339 పరుగుల లక్ష్యం ఛేదించింది అక్టోబర్ 30 రాత్రి. ఫైనలు నవంబర్ 2న. అంటే చేతిలో రెండు రోజులు. పైగా పాకిస్తాన్ ఫైనలుకి వస్తే ఆట కొలంబోలో జరగాలన్న ఒప్పందం కూడా ఉండేది ఆ టోర్నమెంటులో.

అదొక్కటే కాదు. ఆ వారమే మన మీద మొంథా తుఫాను పడింది. అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. కోస్తా వైపు రైళ్లు పదుల సంఖ్యలో ఆగిపోయాయి. విమానాలు రద్దయ్యాయి. గోదావరి జిల్లాల వాళ్లు ఇది బాగా గమనించుకోవాలి. 2023 ప్రపంచ కప్పు అక్టోబర్, నవంబర్ నెలల్లో. 2025ది సెప్టెంబర్ ఆఖరు నుంచి నవంబర్ మొదలు దాకా. అవే మనకి తుఫాను నెలలు. కాబట్టి ఆట రోజు పొద్దున్న చేరేలా ఎప్పుడూ పెట్టుకోకండి. ముందు రోజు సాయంత్రానికి ఆ ఊళ్లో ఉండండి. 2023లో అయితే ఇంకో కారణం కూడా ఉండేది. ఫోన్లో టికెట్ చూపిస్తే లోపలికి పంపలేదు, కాగితం టికెట్ తీసుకోవాల్సిందే. రైల్వే వారే బండి రద్దు చేస్తే డబ్బు పూర్తిగా వెనక్కిస్తారు. బండి మూడు గంటలకి మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే, అది బయల్దేరకముందే టీడీఆర్ అనే వాపసు దరఖాస్తు దాఖలు చెయ్యాలి. అప్పుడు అది కూడా వస్తుంది. కానీ ఆట వెనక్కి రాదు కదా.

విమానం గురించి ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. మధురపూడి నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి అహ్మదాబాద్ అనుకోండి. ఈ రెండూ ఒకే టికెట్‌గా, ఒకే పీఎన్‌ఆర్ కింద తీసుకుంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఇంకో విమానంలో పంపే బాధ్యత ఆ సంస్థది. అదే, వంద రూపాయలు కలిసొస్తాయని రెండు సంస్థల్లో రెండు టికెట్లు విడివిడిగా కొంటే, తప్పిపోయిన విమానం మీ ఖర్చే. సామాను కూడా మీరే దింపుకుని మళ్లీ ఎక్కించాలి. రైలు దిగి విమానం ఎక్కే ప్రయాణానికీ ఇదే వర్తిస్తుంది. మధ్యలో గంట కాదు, పూట ఖాళీ ఉంచుకోండి. పేరు ఆధార్ మీద ఎలా ఉందో టికెట్ మీద అలాగే ఉండాలి. ఇంటి పేరు ముందా వెనకా అన్నది మన ఇళ్లల్లో పెద్ద విషయం కాదు. విమానాశ్రయంలో పెద్ద విషయమే.

2027 పురుషుల ప్రపంచ కప్పు దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో జరగబోతోంది. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ కూడా ఉంది. మన వాళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు, కొందరు తప్పకుండా వెళ్తారు. వారికి కూడా ఇదే లెక్క, కాకపోతే వెనక్కి ఇంకాస్త దూరం వెళ్లాలి. ఆట తేదీ, దానికి ముందు విమానం, దానికి ముందు వీసా, దానికి ముందు పాస్‌పోర్టు. వీసా రాకముందే వెనక్కి ఇవ్వలేని టికెట్ కొనకండి. దారిలో ఏ దేశంలో దిగి విమానం మారుతున్నారో చూసుకోండి. ఆఫ్రికాలో కొన్ని దేశాల మీదుగా వస్తే పచ్చజ్వరం టీకా పత్రం అడగొచ్చు. అది బయల్దేరకముందే కనుక్కోవాల్సిన సంగతి. అంత దూరం వెళ్లలేని వాళ్లకి మన దేశంలోనే 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో ఉన్నాయి. క్రికెట్ ఒక్కటే ఆట కాదు కదండీ.

చెప్పినవన్నీ మళ్లీ ఒక్కసారి. ఆట ముగిసిన గంట నుంచి వెనక్కి లెక్కెయ్యండి. తిరుగు టికెట్ ముందు చూసుకోండి, వెళ్లే టికెట్ తర్వాత. తిరిగివ్వగలిగేవి ముందు కొనండి, తిరిగివ్వలేనివి చివర. అర్ధరాత్రి దాటిన బండికి మర్నాటి తేదీ వెయ్యండి. ఆటకి ముందు రోజు సాయంత్రమే ఊరు చేరండి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పని ఒక్కటే ఉంది. ఏ మ్యాచూ లేనప్పుడే, ఇంట్లో ఎవరో ఒకరి రైలు ఖాతాకి ఆధార్ జతచేసి, అందరి పేర్లూ, వయసులూ ఆధార్‌లో ఉన్నట్టే అందులో రాసి పెట్టండి. బాబాయి పొలం నుంచి ఫోను ఎత్తకపోయినా ఆయన బెర్తు ఆయనకి దొరుకుతుంది.